లెక్కల నోటుపుస్తకంలో పిల్లల సొంత మాటలు

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం బోధిస్తున్నాను. పిల్లలు బోర్డు మీది లెక్కలను ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటున్నారు కానీ, అంకెలు మార్చి ఇస్తే ఆగిపోతున్నారు. వారి ఆలోచనను సొంత మాటల్లో రాయించాలని ఉంది. తరగతిలో 45 మంది ఉన్నారు. అన్ని పుస్తకాలు చూడటం, సిలబస్ పూర్తి చేయడం సాధ్యమేనా? తప్పు జవాబులు కనిపిస్తే తనిఖీకి వచ్చినవారు ఏమంటారో అన్న బెరుకు కూడా ఉంది.
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: బోర్డు మీది లెక్కను ఎక్కించుకున్న పుటలో మీరు చేసిన ఆలోచనే మీకు తిరిగి కనిపిస్తుంది, పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో అందులో ఎంత వెతికినా దొరకదు. అందువల్ల రాయించాలన్న మీ ఆలోచన సరైనదే. అయితే ఏం రాయమంటారన్న దాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. “ఈ రోజు ఏం నేర్చుకున్నావు?” అని అడిగితే “పూర్ణసంఖ్యలు నేర్చుకున్నాను” అని రాసి ఊరుకుంటారు. ఒక లెక్క ఇచ్చి, దాని జవాబు ఎందుకు అలా వచ్చిందో రాయమనండి.

ఉదాహరణకు −3 − 5 విలువ కనుక్కొని, అది సరైనదేనని ఆరో తరగతి చదివే తమ్ముడికి నచ్చజెప్పేలా నాలుగు వాక్యాలు రాయమనండి. కొందరు 8 అని రాసి, “మైనస్, మైనస్ కలిస్తే ప్లస్” అని కారణం చూపుతారు. రెండు రుణసంఖ్యలను గుణించేటప్పుడు వర్తించే సూత్రాన్ని వారు ఇక్కడికీ లాక్కొచ్చారని ఆ ఒక్క వాక్యంతో మీకు తెలిసిపోతుంది. జవాబు పక్కన తప్పు గుర్తు పెట్టి వదిలేస్తే ఈ సంగతి బయటపడేది కాదు. మరునాడు సంఖ్యారేఖ గీసి, −3 నుంచి ఎడమవైపు 5 స్థానాలు జరిగితే ఎక్కడికి చేరతామో వారి చేతనే చెప్పించండి. ఆ తర్వాత (−3) × (−5)ను పక్కనే ఉంచి, రెండింటికీ తేడా ఏమిటో రాయించండి. −8 అని సరిగ్గా రాసినవారిలోనూ కొందరు “గుర్తులు ఒకటే కాబట్టి కూడి అదే గుర్తు పెట్టాలి” అని కంఠతా పట్టిన మాటనే అప్పజెబుతారు. అలాంటివారికి −3 − (−5) ఇచ్చి చూడండి, అదే మాట పట్టుకుని −8 అంటారో, ఆలోచించి 2 అంటారో తెలుస్తుంది.

వారానికి రెండుసార్లు, పీరియడ్ చివర 5 నిమిషాలు సరిపోతాయి. ఒక్కో విడతకు 15 పుస్తకాలు చదివితే మూడు విడతల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. అక్షరదోషాల జోలికి వెళ్లకండి. మార్కులు అసలే వేయకండి. మార్కులు వేస్తే మీకు నచ్చే మాటలే రాస్తారు తప్ప తమకు తోచినది రాయరు. పుట అడుగున ఒకే ఒక్క ప్రశ్న రాసి ఇవ్వండి, దానికి జవాబు రాయడం వారి తదుపరి పని. మాధ్యమం ఇంగ్లిషు అయినా కారణాన్ని తెలుగులో రాయనివ్వండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి కాబట్టి గణిత పదాలు పిల్లలకు రెండు భాషల్లోనూ అందుబాటులోనే ఉంటాయి.

ఇక తనిఖీ సంగతి. మన గణిత విద్యాప్రమాణాల్లో సమస్యా సాధనతో పాటు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం కూడా ఉన్నాయి. ఆ రెండింటికీ ఈ పుటలే ఆధారమని ధైర్యంగా చూపండి. తప్పు జవాబును రబ్బరుతో చెరపనివ్వకుండా, ఒక గీతతో కొట్టించి, దాని కింద తేదీతో సవరణ రాయించండి.

ప్రశ్న: మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకం నిండా కొట్టివేతలే. వేరే పుస్తకంలో శుభ్రంగా తిరిగి రాయించమంటారా?
– ఒక తల్లి

జవాబు: వద్దండీ. కొట్టివేసిన ఒక లెక్క చూపించి, ముందు అలా ఎందుకు చేశాడో, తర్వాత ఎందుకు మార్చుకున్నాడో అడగండి. చెప్పగలిగితే ఆ పుస్తకం బాగున్నట్టే. చెప్పలేకపోతే ఆ లెక్కకు గుర్తు పెట్టి, ఉపాధ్యాయులను అడగమని పంపండి.