చిట్టీ, ఆ ట్యూబు ఒక్కటే రాయకు

పర్లాకిమిడి

చిట్టీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. చెంపల మీది మొటిమలకన్నా, నీ చేతిలోని ట్యూబే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే, అదీ ఐదు నెలలుగా!

అది చెడ్డ మందని కాదు. చర్మరంధ్రాల్లోని బ్యాక్టీరియాను అణచి, వాపు తగ్గిస్తుంది. కానీ ఒంటరిగా వాడుతూ పోతే ఆ క్రిములు మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయదు. అందుకే తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి. దానికి క్రిములు అలవాటు పడవు. 2.5 శాతం చాలు. 10 శాతం రాస్తే మంట పెరుగుతుందే తప్ప గుణం పెరగదు.

ముఖం కడుక్కుని, పూర్తిగా తడి ఆరనివ్వు. బఠాణీ గింజంత పెరాక్సైడ్ తీసుకుని నుదురు, చెంపలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచు. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో వద్దు. మొటిమ ఉన్నచోటే అద్దితే పక్కన లోపల తయారవుతున్నది అలాగే ఉండిపోతుంది. మొదటి వారం రోజు విడిచి రోజు రాయి. చర్మం కాస్త పొట్టు లేస్తే భయపడకు. గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూడు నెలలు దాటాక మాత్రం యాంటీబయాటిక్ ఆపాలి, నీకు ఇప్పటికే దాటాయి. ఆపైన చర్మరంధ్రాలు మూసుకుపోకుండా చూసే అడాపలీన్ వంటి మందు డాక్టరు చెబుతారు.

మీ అన్న పదో తరగతిలో ఉన్నప్పుడు దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్రీము సంగతి నీకు తెలియదు. నాలుగు రోజుల్లో ముఖం నునుపైంది, నేనూ సంతోషించాను. ఆపగానే చెంపలు ఎర్రగా కందిపోయి, మునుపటికన్నా ఎక్కువగా పొక్కాయి. అప్పుడు ట్యూబు తిప్పి చదివితే బెటామెథసోన్ అని ఉంది, అంటే స్టెరాయిడ్. ఇన్నేళ్లు నర్సుగా చేసి ముందే చదవనందుకు ఇప్పటికీ బాధపడతాను. నువ్వు కొనే ప్రతి ట్యూబు వెనక చదువు.

ఇది చదివాక బరంపురంలోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లు. ఐదు నెలలు వాడావని దాచకుండా చెప్పు. ఒడియాలో మొటిమను ‘బ్రణ’ అంటారు, మన వ్రణమే, అడగడానికి మొహమాటం ఎందుకు?

పెరాక్సైడ్ తగిలితే బట్టల రంగు పోతుంది. పట్టు చీర కట్టుకునే రోజు మందు బాగా ఆరాక కట్టుకో. దిండుకు తెల్ల గలీబులు రెండు కుట్టించి పంపుతున్నాను, రాత్రిళ్లు అవే వాడు.

మీ పిన్ని