బొమ్మల పెట్టె మూత ఎందుకు చీలింది?

ప్రశ్న: మనవళ్ల కోసం చలికాలంలో వేప చెక్కతో బొమ్మల పెట్టె చేశాను. పదహారు అంగుళాల వెడల్పు మూత అడుగున రెండు అడ్డపట్టీలు ఫెవికాల్ పూసి మేకులు కొట్టాను. ఏప్రిల్‌కల్లా మూత నిలువునా చీలింది. లప్పం కూరితే సరిపోతుందా? మూత వేళ్ల మీద పడకుండా గొలుసు చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తప్పు వేపది కాదండీ, అడ్డపట్టీలది. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులోనే కుంచించుకుంటుంది. అనంతపురం ఎండలకు మీ మూత నాలుగు మిల్లీమీటర్లు తగ్గినా ఆశ్చర్యం లేదు. జిగురూ మేకులూ కలిసి దాన్ని పట్టి ఉంచితే చీలక ఏం చేస్తుంది? లప్పం దండగ, వానలకు చెక్క ఉబ్బితే రాలిపోతుంది. పట్టీలు ఊడదీసి, చీలిక వెంబడి కోసి, అంచులు చిత్రిక పట్టి మళ్లీ అతికించండి. పట్టీలకు మాత్రం జిగురు వద్దు. ఒక్కో పట్టీకి మూడు స్క్రూ రంధ్రాలు: నడిమిది మామూలుగా, చివరి రెండూ మూత వెడల్పు దిశలో 10 మి.మీ. పొడవుగా తొలిచి, వాషర్ వేసి స్క్రూ బిగించండి, మరీ బిర్రుగా కాదు.

గొలుసు మూతను వెనక్కి వాలకుండా ఆపుతుందే తప్ప వేళ్లను కాపాడదు. వదిలినచోటే మూతను నిలిపే లిడ్ స్టే కావాలి, మూత బరువుకు తగ్గది. మూత మూసినా వేళ్లు నలగకుండా ముందు అంచున మూతకూ పెట్టెకూ మధ్య 12 మి.మీ. సందు వదలండి. గొళ్లెం అసలే వద్దు. దాగుడుమూతల్లో పిల్లలు దూరేది ఇందులోకే, కాబట్టి రెండు పక్కపలకలకూ గాలి రంధ్రాలు పెట్టండి.