చక్రాల తొడుగులు బిగించే ముందు విమానాన్ని నేల మీంచి లేపండి

ప్రశ్న: సొంతంగా కట్టుకున్న తోకచక్రం విమానానికి (మూడో చక్రం తోక కింద ఉండేది) కాళ్ల మీద, చక్రాల మీద గాలి అడ్డు తగ్గించే ఫైబర్‌గ్లాస్ తొడుగులు, అంటే ఫెయిరింగులు, మనమే అమర్చుకోవచ్చా? ఎన్నాళ్లు పడుతుంది?

అమర్చుకోవచ్చు. నాకు మొదటిసారి నాలుగు వారాంతాలు పట్టింది, రెండోసారి ఆరు. రెండోసారి ఎందుకు చేయాల్సి వచ్చిందో చెబుతాను, అది తెలిస్తే మీకు ఒక్కసారితో సరిపోతుంది.

నాది ఆర్‌వీ-7, కిట్‌గా కొని కట్టుకునే రెండు సీట్ల విమానం. డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టు హ్యాంగర్‌లో ఉంటుంది. ఆరేళ్లు రివెట్లు కొట్టి కట్టాను. పార్టీల్లో ఎవరో ఒకరు "కిట్ కొని బిగించడమే కదా" అంటారు. ఆ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇక్కడి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం పనిలో ఎక్కువ భాగం కట్టుకునేవాళ్లే చేయాలి, అందుకే దాన్ని 51 శాతం రూల్ అంటారు. ఆ పని వేల గంటలు.

ఫెయిరింగులు అందం కోసమే అనేవాళ్లూ ఉన్నారు. అది తప్పు. ఆర్‌వీ-7 ముందు కాళ్లు రెండూ గుండ్రటి స్టీలు కడ్డీలు. గుండ్రటి కడ్డీ గాలిని అడ్డుకునేంతగా, అదే మందంతో చేప ఆకారంలో ఉన్న తొడుగు అడ్డుకోదు. తేడా దాదాపు పది రెట్లు ఉంటుంది. నా విమానం అదే ఎత్తులో, అదే పవర్‌లో తొడుగులు లేకుండా 152 నాట్ల (విమాన వేగం కొలత) వేగంతో వెళ్లేది, అన్నీ పెట్టాక 164 వెళుతోంది. ఇంజిన్‌కి ఎంత ఖర్చు పెట్టినా అంత తేలిగ్గా పన్నెండు నాట్లు రావు.

ఇక నా తప్పు. మొదటిసారి విమానాన్ని హ్యాంగర్ నేల మీద ఉన్నది ఉన్నట్టే ఉంచి, తోక కింద, ముక్కు పైకి ఉండగానే కాళ్ల తొడుగులు బిగించాను. నేల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, సూటిగా ఉందనిపించాక ఖాయం చేశాను. చూడటానికి చాలా బాగుంది. ఎగిరితే, విమానం సూటిగా పోతోందా పక్కకి తిరిగి పోతోందా అని చూపే గాజు గొట్టంలోని బంతి సగం ఎడమకి జారి నిలబడింది. ఎడమ పెడల్ నొక్కి పట్టుకుంటేనే మధ్యకు వచ్చేది. తొడుగులు లేకుండా ఎగిరినప్పుడు ఈ సమస్య లేదు. అయినా నేను తోక మీద ఉండి, పెడల్స్‌తో ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే రడ్డర్‌నే అనుమానించాను. దాని వెనక అంచుకి చిన్న చెక్క అతికించి, పీకి, మళ్లీ అతికించి జూన్ నెలంతా పోగొట్టాను. టెన్షన్‌తో నిద్ర కూడా సరిగా పట్టేది కాదు.

అప్పుడు నాన్న ఇక్కడే ఉన్నారు, ఆర్నెల్ల కోసం వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీ బాడీలు కట్టిన మనిషి. ఒక ఆదివారం హ్యాంగర్‌కి తీసుకెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని విమానం చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత అడిగారు: "ఇది కొలిచింది లోడు మీదా, ఖాళీ మీదా?"

నాకు అర్థం కాలేదు. "లోడు పడితే లారీ కమాను కట్టలు దిగిపోతాయి కదరా. నీ బండి గాలిలో ఉన్నప్పుడు చక్రాల మీద లోడెక్కడిది?" అన్నారు.

చక్రాల మీద బరువు లేకుండానే కొలవాలని కిట్ పుస్తకంలోనూ ఉంది. చదివాను, కానీ ఎందుకు చెప్పారో ఆలోచించలేదు. ఆ సాయంత్రమే ఇంజిన్ హోయిస్ట్‌తో ముక్కు భాగాన్ని పైకి లేపాం. తోకని స్టాండు మీదికెక్కించి, ఇసుక సంచులు కట్టాం. కాక్‌పిట్ అంచు మీద రసమట్టం పెట్టి పొడవునా, అడ్డంగా సరిచేశాం. బరువు తగ్గుతున్న కొద్దీ కాళ్లు రెండూ లోపలికి దగ్గరవడం కళ్లారా చూశాను. చక్రాలు నేలకి అంగుళం పైన వేలాడాయి.

తర్వాత మేస్త్రులు గోడ నిలువు చూసే ఇత్తడి గుండు తీసుకున్నాం. ఇంజిన్ వెనక గోడ మధ్య నుంచి ఒకసారి, తోక చివర నుంచి ఒకసారి వదిలి, ఆ రెండు గుర్తుల మధ్య సుద్దదారం లాగి గీత కొట్టాం. కాలి తొడుగుకి ఒకే ఎత్తులో ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి గుండు వదిలితే, రెండు గుర్తులూ ఆ గీతకి ఒకే దూరంలో పడాలి. కుడివైపు తేడా 2 మిల్లీమీటర్లు. ఎడమవైపు 11. వెనక అంచు అంత బయటికి తిరిగి ఉంది. తోకచక్రం విమానంలో ఆ కాళ్లు గురుత్వ కేంద్రానికి ముందుంటాయి కాబట్టి, అలా తిరిగిన తొడుగు చుక్కానిలా పనిచేసి ముక్కుని కుడికి నెడుతోంది.

కాలి తొడుగు కడ్డీ చుట్టూ తిరుగుతుంది. దాన్ని తిరగకుండా పట్టేవి పైన విమానం బాడీనీ, కింద చక్రం తొడుగునీ కలిసేచోట ఉండే అతుకు తొడుగులు. నేను ఎంతో శ్రద్ధగా నునుపు చేసిన ఎడమవైపు రెండింటినీ కోసి పారేశాను. మళ్లీ చేయడమంటే తొడుగుల మీద ప్యాకింగ్ టేపు వేసి, మూలల్ని మోడలింగ్ క్లేతో గుండ్రంగా నింపి, మైనం రాసి, గ్లాస్ బట్ట మూడు పొరలు ఎపాక్సీతో (కలిపాక గట్టిపడే జిగురు) పరచాలి. డాలస్ జులై ఎండలో తెల్లవారి ఆరింటికే ఆ పని పూర్తవాలి. ఎపాక్సీ కప్పులో ఎక్కువ కలిపితే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తాయి, ఒక కప్పు అలాగే పోయింది. కొద్దికొద్దిగా కలుపుకోండి. తోమేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ గాజు దుమ్ము దురద రెండు రోజులుంటుంది. వీడియోల్లో ఈ తోముడంతా పది సెకన్లలో దాటించేస్తారు. దానివల్లే కొత్తవాళ్లు ఒక్క వారాంతంలో అయిపోతుందనుకుంటారు.

వీల్ ప్యాంట్లకి (చక్రాల మీది తొడుగులు) టైరు పైన అంగుళం మందం దిమ్మె పెట్టి ఎత్తు ఖాయం చేయండి. పక్కల ఖాళీకి పిసినారితనం వద్దు. టైరులో గాలి తగ్గితే ఉబ్బి అంచుకి రాసుకుంటుంది, గడ్డి రన్‌వే అయితే లోపల బురద పట్టేస్తుంది. మొదటిసారి ఎగిరేటప్పుడు ఇవేవీ పెట్టకండి. తొడుగులు లేకుండా విమానం సూటిగా పోతోందని ముందే తెలిస్తే, తర్వాత వచ్చే తేడా ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. పెట్టాక బరువు లెక్క మళ్లీ రాసుకోండి.

ఆగస్టులో మళ్లీ ఎగిరి దిగేసరికి నాన్న కంచె దగ్గర నిలబడి ఉన్నారు. ఇంజిన్ ఆపి కాక్‌పిట్ మీది గాజు కప్పు తీయగానే "బంతి ఎక్కడుంది?" అని అడిగారు. మధ్యలోనే ఉందని చెప్పాను. కొత్తగా కట్టిన నా విమానానికి మొదటి దశ పరీక్ష 40 గంటలు ఎగరడం, అవి పూర్తయ్యేదాకా ప్రయాణికులను ఎక్కించకూడదు. 31 గంటల దగ్గర నాన్న తిరుగు టికెట్ తేదీ వచ్చింది. మళ్లీ వేసవికి వస్తున్నారు, కుడివైపు సీటు ఆయనదే.