ఎముకలో చీము ఆగకముందే లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చా?

చంద్రగిరి దగ్గర లారీ గుద్ది 4 నెలలైంది. మీ బావగారికి మోకాలి కింది ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. రాడ్డు వేశారు. గాయం మానినట్టే మాని మళ్ళీ చీము కారుతోంది, ఆస్టియోమైలైటిస్ (ఎముకకు పట్టిన ఇన్ఫెక్షన్) అన్నారు. వచ్చే లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటున్నారు, లాయరుకు డబ్బుల్లేవు. మీరడిగింది ఇదే కదా.

ఇప్పుడు సంతకం పెట్టనివ్వకండి. కేసు మాత్రం వెంటనే వేయించండి. ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లోపు క్లెయిమ్ వేయాలని మోటారు వాహనాల చట్టం 166(3) చెబుతోంది, అంటే మీకు మిగిలింది 2 నెలలే. పోలీసులు ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టుకు) రిపోర్టు పంపుతారులే అని కూర్చోవద్దు. ప్రమాదం చంద్రగిరి దగ్గర జరిగింది కాబట్టి తిరుపతి ట్రిబ్యునల్లో వేసుకోవచ్చు, లేదా మీ బావగారుండే ఊరికి సంబంధించిన ట్రిబ్యునల్లోనైనా సరే.

రాజీ ఎందుకు వద్దంటున్నానంటే, లోక్ అదాలత్ అవార్డుకు (అక్కడిచ్చే తీర్పుకు) అప్పీలు లేదు. ఒక ప్రమాదానికి పరిహారం ఒక్కసారే. చీము మళ్ళీ వచ్చింది, ఇంకో ఆపరేషనైంది అని రెండోసారి అడగడానికి కుదరదని సుప్రీంకోర్టు నాగప్ప కేసులో చెప్పేసింది. ఈ జబ్బేమో తిరగబెట్టే రకం. రక్తం అందక చచ్చిపోయిన ఎముక ముక్క లోపలే ఉంటే మందు అక్కడిదాకా చేరదు. ఆ ముక్క తీసి శుభ్రం చేయాలి, రాడ్డు మార్చాల్సి రావచ్చు, యాంటీబయాటిక్స్ సాధారణంగా 6 వారాలు పడతాయి. మధ్యలో ఎముక ఖాళీ అయితే బయట రింగులు బిగించి నెలల తరబడి ఉంచుతారు. 4 నెలలకే ఖర్చు ఎంతవుతుందో ఎవరు లెక్క కట్టగలరు? (తుంటి ఎముక విరిగినవాళ్ళకూ ఇదే మాట. బంతి భాగానికి రక్తం ఆగి అది కుంగిపోవడం ఏడాది, రెండేళ్ళకు గానీ బయటపడకపోవచ్చు.)

తేడా ఎంతో చూడండి. 34 ఏళ్ళ బేల్దారి మేస్త్రీ, నెలకు 15,000 అనుకుందాం. సొంత పని చేసుకునేవారికి 40 ఏళ్ళలోపైతే భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు: 21,000. ఏడాదికి 2,52,000. ఆ వయసుకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 16, మొత్తం 40,32,000. సంపాదన శక్తి 10 శాతం పోయిందంటే 4,03,200 వస్తుంది, 30 శాతం అంటే 12,09,600. ఆసుపత్రి ఖర్చులు, నొప్పి, బాధ వేరే. అందుకే ఆ శాతం తేలేదాకా రాజీ పడకుండా ఆగమంటున్నాను. పరంజా ఎక్కలేని మేస్త్రీకి కాలికి 30 శాతమని రాసినా, ఆయన పనికి జరిగిన నష్టం అంతకంటే ఎక్కువ కావచ్చు. కోర్టు చూడాల్సింది పనికి జరిగిన నష్టాన్నే అని 2010లో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ కేసులో తేల్చింది. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) పింఛనుకు పనికొస్తుంది, ఇక్కడ మాత్రం అదొక్కటే చాలదు. చూసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. వెల్లూరులాంటి దూరపు ఊళ్ళో చూపించుకుని ఉండి, ఆ డాక్టరు రాలేనంటే, కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్ళి సాక్ష్యం రాసుకునే మనిషిని) వేసి అక్కడే సాక్ష్యం తీసుకోమని పిటిషన్ వేయండి.

లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అడిగేది ఒకటే: ఈ చీము ప్రమాదం వల్లే వచ్చిందా, షుగరు వల్లా? అందుకే మొదటి రోజు కేస్ షీట్లో 'ఓపెన్ ఫ్రాక్చర్' (ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది) అని ఉందో లేదో ఇప్పుడే చూడండి. రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చీము కల్చర్ రిపోర్టు (చీములో ఏ క్రిమి ఉందో చెప్పే ల్యాబ్ పరీక్ష), ఎక్స్‌రే ఫిల్ములు, కుట్టు పక్కన చీము కారే రంధ్రం ఫోటోలు తేదీలతో దాచండి. ఈ ఇన్ఫెక్షన్ ఆ ఫ్రాక్చర్ వల్లే వచ్చిందని, ఇకముందు ఫలానా ఆపరేషన్‌కు సుమారు ఇంత అవుతుందని డాక్టరు చేత లెటర్‌హెడ్ మీద రాయించండి. భవిష్యత్ వైద్య ఖర్చులని పిటిషన్‌లో వేరుగా అడగాలి. మధ్యలో పుత్తూరు కట్టు (విరిగిన ఎముకకు వేసే నాటు కట్టు) కట్టించుకుని ఉంటే దాచకండి, తేదీలతో చెప్పండి. దాచిన ఖాళీయే కేసును దెబ్బతీస్తుంది. మందుల షాపు బిల్లులు చాలావరకు థర్మల్ కాగితాలు, కొన్ని నెలలకే తెల్లబడిపోతాయి. కొన్న రోజే జిరాక్స్ తీసి, డాక్టరు రాసిన మందుల చీటీతో కలిపి పిన్ను కొట్టండి. బిల్లు మీద పేషెంటు పేరుండాలి.

లాయరు గురించి బెంగ వద్దు. 15100కు ఫోన్ చేయండి, లేదా తిరుపతి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి గానీ, చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ వెళ్ళండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేదు, మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. వాళ్ళిచ్చిన లాయరుకు ఫీజు కట్టక్కర్లేదు. బయట లాయరు వచ్చినదాంట్లో ఇంత శాతమని కాగితం రాయమంటే రాయకండి, అలాంటి ఒప్పందం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. వెళ్ళేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్ పట్టుకెళ్ళండి.