జోరీగ కుట్టిందా, కరిచిందా?

సందేహం: మా ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు వ్యాసంలో “జోరీగలు, గబ్బిలాలు పశువుల రక్తం పీల్చే పక్షులు” అని రాశాడు. ‘పక్షులు’ కొట్టేశాను. ‘పీల్చే’ సరైనదేనా? జోరీగ కుట్టింది అనాలా, కరిచింది అనాలా?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

సమాధానం: కొట్టేసి మంచి పని చేశారమ్మా. పిల్లవాడు గడుసువాడైతే, పక్షమంటే రెక్క కనుక రెక్కలున్నదల్లా పక్షే అని వాదించవచ్చు. వ్యుత్పత్తి అతని వైపే ఉంది, వాడుక లేదు. జోరీగ ఆరు కాళ్ల కీటకం. గబ్బిలం పిల్లను కని పాలిచ్చే జంతువు.

‘పీల్చే’ అన్న మాట దోమకూ జలగకూ చక్కగా అతుకుతుంది. దోమ తొండం లోపలికి దించి నెత్తురు లాగుతుంది. జోరీగ తీరు వేరు. గేదె మీద వాలి, పదునైన నోటి భాగాలతో చర్మం కోసి, ఊరిన నెత్తురును మూతి చివరి మెత్తని భాగంతో అద్దుకుంటుంది. అది లేచిపోయాక కూడా అక్కడ నెత్తుటి చుక్క నిలవడం పాడి ఉన్న ఇళ్లవారు చూసే ఉంటారు. ఇదంతా ఆడదాని పనే. మగ జోరీగకు పూల తేనె చాలు. నెత్తురు తాగే గబ్బిలమూ దాదాపు ఇంతే. ముందుపళ్లతో గాటు పెట్టి, కారిన నెత్తురును నాలుకతో నాకుతుంది. రెండింటి లాలాజలమూ నెత్తురును గడ్డకట్టనివ్వదు. అందుకే ఇక్కడ ‘తాగే’ అనడం మేలు.

కానీ ఆ వాక్యంలో భాష కంటే పెద్ద తప్పు ఒకటుంది. నెత్తురు తాగే గబ్బిలాలు మూడే జాతులు. అవి మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా ఉంటాయి, మన దేశంలో లేవు. మన మర్రిచెట్లకూ చింతచెట్లకూ వేలాడే పెద్ద గబ్బిలం పండ్లు తింటుంది. దాని మీద ఈ నింద ఎందుకు? “ఆడ జోరీగలు, అమెరికా ఖండాల్లోని కొన్ని గబ్బిలాలు పశువుల రక్తం తాగుతాయి” అని దిద్దించండి.

ఇక మీ రెండో ప్రశ్న. పురుగు ఏ అవయవంతో బాధపెట్టిందో తెలుగు పెద్దగా పట్టించుకోదు. తేలు కొండితో పొడిచినా, దోమ తొండం దించినా ‘కుట్టింది’ అనే అంటాం. ఏడు చేపల కథలో చీమ కూడా ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అంటుందే కానీ కరవనా అనదు. కాబట్టి చర్మం కోసినా సరే, జోరీగ కుట్టింది అనడమే మన నుడి. శాస్త్ర పాఠంలో ‘కరిచింది’ అని రాస్తే నేను తప్పు పట్టను. గబ్బిలానికి పళ్లున్నాయి, అది కరుస్తుంది. దానికి ‘కుట్టింది’ పొసగదు.