గూబ, కర్ణభేరి, కివి

ప్రశ్న: మనవడికి చెవిపోటు వస్తే డాక్టరు చూసి "కర్ణభేరి వాచింది" అన్నాడు. "గూబ వాచిందా?" అని నేనంటే ఇంట్లో అందరూ నవ్వినారు. గూబ తిట్టుమాటంట. మా కోడలు బళ్ళారి పిల్ల. చెవిని "కివి" అంటుంది, పైగా మీ చెవి మా కివిలోంచే వచ్చింది అంటుంది. ఏది నిజం?
– ఒక పాఠకుడు, రాయదుర్గం

సమాధానం: ముందు కోడలమ్మ సంగతి చూద్దాం, రుచంతా అక్కడుంది. ఆమె మాట సగం నిజం. కివిలోని కకారం పాతది, మన చకారం తర్వాతిది. ఇ, ఎ అచ్చుల ముందున్న క తెలుగులో చ అయింది. కన్నడంవాళ్ళ కెరె మనకు చెరువు, వాళ్ళ కెడు మనకు చెడు, వాళ్ళ కై మనకు చెయ్యి. రాయదుర్గంలో ఉండేవారికి ఇది నేను చెప్పాలా? సంతలో రెండు భాషలూ రోజూ పక్కపక్కనే వినబడతాయి గదా! తుళువులో కెబి, ఆదిలాబాదు గోండుల నోట కెవి, ఎక్కడో బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ భాషలో ఖఫ్. తమిళుల చెవి మాత్రం మనలాగే చకారానికి మారింది. మరి "కింద" ఎందుకు మారలేదని అడుగుతారేమో. అది మొన్నమొన్నటి దాకా "క్రింద" నాయనా, ఆ కకారానికి రేఫ, అంటే రకారం, కాపలా ఉంది. కాబట్టి కన్నడంలోంచి తెలుగు పుట్టలేదు, ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. తల్లి పలుకును కన్నడం దాచుకుంది, మనం మార్చుకున్నాం. కోడలితో ఇంతవరకే చెప్పండి, వాదం పెంచొద్దు.

చెవికి మనకు ఇంకో పేరూ ఉంది: వినేది వీను. "విష్ణు నాకర్ణించు వీనులు వీనులు" అన్నాడు పోతన. ఒకే పాదంలో సంస్కృత కర్ణాన్నీ తెలుగు వీనునూ కలిపి కూర్చోబెట్టాడు. ఆ మాటకు ఈ కాలంలో పట్టిన గతి చూడండి: పూలతోటను చూపిస్తూ "వీనులవిందుగా ఉంది" అనేవాళ్ళున్నారు. పూలను చెవులతో చూస్తారా?

ఇక గూబ. చెంపమీద కొడితే "గూబ గుయ్యిమంది" అంటాం. గుయ్యిమనేది లోపలి పొరే గాబట్టి కర్ణభేరిని గూబ అనడంలో నాకు తప్పు కనబడదు. అయితే జనం నోట గూబ ఒక్క పొరకే కట్టుబడి లేదు, చెవిరంధ్రమూ దాని చుట్టుపట్లా అన్నీ గూబే. వైద్యుడికి కావలసింది మిల్లీమీటరులో పదోవంతు మందం ఉండే ఆ పొర. కనుక ఆయన కర్ణభేరి అనడం న్యాయం, మీరు ఇంట్లో గూబ అనడమూ న్యాయమే. గుడ్లగూబ వేరే సంగతి.

నా కోపం పాఠ్యపుస్తకాల మీద. పొర వెనక మూడు బుల్లి ఎముకలున్నాయి. పొర అదురును అవి అందుకుని చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగానికి చేరవేస్తాయి. వాటి ఆకారాలు సుత్తి, దాగలి (సుత్తి దెబ్బలు తినే ఇనపదిమ్మ), రికాబు (గుర్రమెక్కేవాడు కాలుపెట్టే కడియం). పుస్తకంలో మాత్రం కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి! కమ్మరి కొలిమిలోని దాగలిని ఉంచి పక్కనున్న సుత్తిని ఎందుకు తరిమినట్టు? ఒంట్లోకెల్లా చిన్న ఎముక ఆ రికాబు, దానికి కర్ణాంతరాస్థి అని అంత పొడుగు పేరా? మనవడు బడిలో కూటకమనే రాయనీ, లేకపోతే మార్కులు పోతాయి. ఇంట్లో మాత్రం సుత్తి అని చెప్పండి.