గుండె గదుల మీద వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, సంతోషం. కానీ రెండో పేజీలో "గుండె కుడివైపు గదుల్లో నీలిరంగు రక్తం ఉంటుంది" అన్నావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి టీ తాగొచ్చాను. పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినవాళ్లు తేడా తెలియడానికి నీలం వేస్తారు. మనిషి ఒంట్లో రక్తం నీలంగా ఉండదు. ఒళ్లంతా తిరిగి కుడి కర్ణికకు, అంటే కుడివైపు పైగదికి, చేరేది ముదురు ఎరుపు రక్తం, అంతే. మనం ఊరికే కూర్చున్నప్పుడు అందులో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ ఇంకా 75 శాతం దాకా ఆక్సిజన్‌తోనే ఉంటుంది. నువ్వేమో పూర్తిగా ఖాళీ చేసేశావు.

అసలు లోపం అది కాదులే. కర్ణికలు రెండు, కిందిగదులైన జఠరికలు రెండు, రక్తం వెనక్కి రాకుండా ఆపే కవాటాలు నాలుగు అంటూ హాజరుపట్టీ చదివావు. ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా సుమారు మూడింతలు మందమని చెప్పి ముందుకెళ్లిపోయావు. ఎందుకంత మందం? గుండె ఒకసారి కొట్టుకుంటే రెండూ నెట్టే రక్తం ఒకటే, దాదాపు 70 మిల్లీలీటర్లు. కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపాలి. అక్కడ అడ్డు తక్కువ, పాదరసం లెక్కలో 25 మిల్లీమీటర్ల ఒత్తిడి సరిపోతుంది. ఎడమది నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి, దానికి 120 కావాలి. ఆ చాకిరీకే అంత గోడ. ముందు పని చెప్పు, తర్వాత భాగం పేరు చెప్పు. ఏళ్ల తరబడి ఈ మాటే పోరుతున్నాను, వినేవాళ్లు లేరు.

గుండె మీద రాయమని మొదటిసారి నన్నడిగినప్పుడు లైబ్రరీలో కూర్చుని ఎంత చదివినా బుర్రకెక్కలేదు. చివరికి మటన్ కొట్టుకెళ్లి, ముక్కలు కొట్టకుండా మేక గుండెకాయ ఇమ్మన్నాను. మేకకీ నాలుగు గదులే. ఇంట్లోవాళ్లు వంటింట్లోకి రానివ్వకపోతే పెరట్లో పేపరు పరిచి బ్లేడుతో కోశాను. కుడి గోడ వేళ్ల మధ్య నలిగింది, ఎడమది ఎంత నొక్కినా లొంగలేదు. లోపల కవాటం రెక్కలను పట్టుకుని సన్నటి తెల్లని తాళ్లు. జఠరిక బిగిసినప్పుడు రెక్కలు కర్ణికలోకి తిరగబడకుండా ఆపేవి అవే. ఇదంతా రాసి పంపితే, అప్పటి ఎడిటర్ ఒకాయన గోడల పేరా, తాళ్ల పేరా రెండూ కొట్టేసి పైన ప్రేమ కవిత ఒకటి అతికించాడు. ఆయన రిటైరయ్యాడు గానీ నా కోపం రిటైర్ కాలేదు. ఇప్పటివాళ్లకు 'మీకు తెలుసా?' బాక్సులు కావాలట. అదో జబ్బు.

రక్తం ఒంట్లో తిరుగుతుందని చూపిన ఇంగ్లిష్ వైద్యుడు హార్వే మీద మూడు పేరాలు! ఆయన చదువు, కొలువు, 1628లో అచ్చయిన పుస్తకం, అన్నీ ఉన్నాయి. ఆయన వేసిన లెక్క ఏది? గుండె ఒకసారికి ఎంత పంపుతుందో అంచనా కట్టి, అరగంటలో ఎన్నిసార్లు కొట్టుకుంటుందో దాంతో గుణించాడు. ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్నే మించిపోయింది. తిన్న తిండి నుంచి అంత రక్తం కొత్తగా తయారు కాదు, కాబట్టి ఉన్నదే తిరుగుతోంది. తిండి నుంచి రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారై ఒంట్లోనే ఖర్చైపోతుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలన్ కాలం నుంచి వస్తున్న నమ్మకం ఆ లెక్కతో కదిలిపోయింది. కొలువులు తీసెయ్, గుణకారం పెట్టు.

ఇక చివరి పేజీ. "మా నాయనమ్మ రెండు దిళ్లు ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది." ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి ఆవిడ మైట్రల్ కవాటం, అంటే ఎడమ కర్ణిక నుంచి ఎడమ జఠరికకు పోయే దారిలోది, ఇరుకైందని రాశావు. పిచ్చిపిల్లా, నీ వ్యాసం ఇదే కదా! ఆ దారి ఇరుకైతే ఎడమ కర్ణికలో రక్తం నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. అది వెనక్కి ఊపిరితిత్తుల దాకా పాకి అక్కడ నీరు చేరుతుంది. పడుకుంటే కాళ్లలోని రక్తం కూడా పైకొచ్చి కలుస్తుంది, ఆయాసం ఎక్కువై లేచి కూర్చుంటుంది. దిళ్ల దగ్గర మొదలుపెట్టు. ఆవిడ గుండె స్కానింగు (ఎకో) రిపోర్టులో ఎడమ కర్ణిక కొలత ఉంటుంది, వెతుకు. అచ్చుకు పంపేముందు ఆవిడను అడుగు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఇది తిరగరాయి. ఈసారి వాట్సాప్‌లో ఫొటోలు వద్దు, ప్రింటు తీసి పోస్టు చెయ్యి. పక్కన మార్జిన్ బాగా వదులు, నాకు చాలా రాయాల్సి ఉంటుంది.